ప్రాస చెవికి తెలియాలి, చివరి అక్షరానికి కాదు: ఒకటో తరగతి తెలుగు పుస్తకాల రూపకర్తలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకటో తరగతి తెలుగు వాచకాలను, అభ్యాస పుస్తకాలను, అంగన్‌వాడీ కృత్యపత్రాలను రూపొందిస్తున్న విద్యాధికారులకు, రచయితలకు, సంపాదకులకు

నమస్కారం.

చిన్న తరగతుల తెలుగు బోధనలో ‘ప్రాస పదాలను గుర్తించడం’ అనే కృత్యం ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం పునాది అక్షరాస్యతకు పెద్దపీట వేసింది. 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలంతా అర్థం చేసుకుంటూ చదవగలగాలని చెప్పి 2026–27ను గడువుగా పెట్టుకుంది. తెలంగాణలో 2022లో ఇదే లక్ష్యంతో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. అదే ఏడాది వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు వయసును ఒకే దశగా చూసి, రాతకు ముందు మాటకూ వినికిడికీ చోటివ్వమంది. వీటన్నిటి వల్లా, అక్షరం దిద్దించడానికి ముందు పిల్లల చెవిని సిద్ధం చేయాలన్న ఆలోచన మన బడుల్లోకి వచ్చినందుకు ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పే టీచరుగా నేను సంతోషిస్తున్నాను. నా అభ్యంతరమల్లా ఆ కృత్యాన్ని తయారుచేస్తున్న తీరు మీదే. ఇంగ్లీషు పిల్లల కోసం పుట్టిన నమూనాను తీసుకుని అందులో తెలుగు మాటలు నింపుతున్నాం గాని, తెలుగు మాటల్లో ప్రాస ఏ చోట పలుకుతుందో చూసుకుని కృత్యం రాయడం లేదు.

నా చేతికి వచ్చిన ఒక వర్క్‌షీటును ఉదాహరణగా తీసుకుంటాను. అది ఎవరు తయారుచేశారన్నది ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే అలాంటివి ఎన్నో చోట్ల తిరుగుతున్నాయి. అందులో నాలుగు బొమ్మలు, వాటి కింద నాలుగు మాటలు ఉన్నాయి: పువ్వులు, పక్షులు, పిల్లలు, పుస్తకం. ‘ప్రాస కుదరని పదానికి సున్న చుట్టండి’ అని సూచన. జవాబు పుస్తకం, ఎందుకంటే మిగిలిన మూడూ ‘లు’తో ముగిశాయి. ఈ లెక్కన కుర్చీలు, ఏనుగులు, తాటాకులు, కలెక్టరాఫీసులు అన్నీ ప్రాస పదాలే. ఈ ప్రశ్నకు సరైన జవాబిచ్చిన పిల్ల గుర్తించింది బహువచన ప్రత్యయాన్ని తప్ప శబ్దంలోని పోలికను కాదు. అసలు ఆ పిల్ల బొమ్మలు చూసి, మూడింట్లో చాలా ఉన్నాయి, ఒకదానిలో ఒకటే ఉంది అనుకుని సున్న చుట్టి ఉండవచ్చు. అప్పుడు ఆమె చెవితో ఈ ప్రశ్నకు పనే పడలేదు.

తెలుగు అజంత భాష. మన మాటల్లో అత్యధికం అచ్చుతోనే ముగుస్తాయి, ఆ ముగింపుల్లోనూ ఉకారం, ఇకారం, అకారం పదే పదే వస్తాయి. పరభాషల నుంచి హల్లుతో ముగిసే మాట వచ్చినా బస్సు, పెన్ను, బిల్లు అని చివర ఉకారం తగిలించుకుని గాని ఇంట్లోకి రానివ్వం. దీనికి తోడు వ్యాకరణం చేతికి ఉచితంగా అందించే పోలికలు బోలెడు ఉన్నాయి: వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు, ఇంట్లో, బడిలో, పొలంలో. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి నాలుగు వాక్యాలు వరసగా రాస్తే చాలు, రాసినవారు వద్దన్నా అంత్యప్రాస పడుతుంది. ఈ మధ్య బాలగేయాల పేరుతో వస్తున్న వాటిలో చాలా భాగం ఇలా క్రియల తోకలు పట్టుకుని నడిచేవే. పాడుకోవడానికి అవి బాగానే ఉంటాయి, వాటితో నాకు పేచీ లేదు. అయితే వాటిని ధ్వని స్పృహకు, అంటే మాటల్లోని శబ్దాలను విని పోల్చుకునే నేర్పుకు, శిక్షణగా లెక్కించడం మాత్రం సరికాదు, ఎందుకంటే అక్కడ పిల్లలు పోల్చి చూడవలసింది ఏమీ మిగలదు.

ఇంగ్లీషులో పరిస్థితి వేరు. అక్కడ చిన్నపిల్లలకు ఇచ్చే మాటలు ఎక్కువగా ఒకే పలుకున్నవి, అంటే ఒక్క చప్పట్లో పలికేవి. క్యాట్, బ్యాట్, హ్యాట్ అన్నప్పుడు మొదటి హల్లు తీసేస్తే మిగిలేదంతా ప్రాసే, అంటే మాటలో సింహభాగం ఒకేలా ఉండి మొదలు మాత్రమే మారుతుంది. అక్కడ ‘చివరి శబ్దం విను’ అంటే సరిపోతుంది. అదే సూచనను తెలుగులోకి తెచ్చి ‘చివరి అక్షరం చూడు’ అన్నప్పుడు రెండు నష్టాలు జరిగాయి. వినవలసింది చూడవలసిందయింది, మాటలో ఎక్కువ భాగం కలవవలసిన చోట ఒక్క కొస కలిస్తే చాలన్నట్లయింది.

తెలుగు మాటలో ప్రాస ఎక్కడ పలుకుతుందో మన పూర్వులు ఎప్పుడో తేల్చారు. పద్యంలో ప్రాస అంటే పాదంలోని రెండో అక్షరం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి, దాని ముందున్న అక్షరం ఒక పాదంలో గురువైతే, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టేదైతే, అన్ని పాదాల్లోనూ గురువే కావాలి. ఐదేళ్ల పిల్లలకు ఛందస్సు చెప్పమని నేను అడగడం లేదు, ఆ మాట తరగతి గదిలో వినిపించనే అక్కర్లేదు. నేను చెప్పేది ఇంతే: మన చెవి మాటల పోలికను రెండో అక్షరం దగ్గర పట్టుకుంటుందని శతాబ్దాల పద్యం చెబుతోంది, కాబట్టి పిల్లలకు ఇచ్చే మాటల్ని కూడా అక్కడే కలిసేలా ఏరి ఇవ్వాలి. అట్టు, చెట్టు, మెట్టు, గట్టు, బొట్టు, జుట్టు. కొండ, కుండ, ఎండ, దండ, బండ. పిల్లి, బల్లి, తల్లి, చెల్లి. ఉప్పు, పప్పు, నిప్పు, చెప్పు. మేడ, గోడ, నీడ, జాడ. మూడక్షరాల మాటలకు వెళితే గొడుగు, అడుగు, మడుగు, పిడుగు. వీటిలో మొదటి అక్షరం ఒక్కటే మారుతుంది, ఆ తరువాతదంతా నిలిచి ఉంటుంది. ఇలాంటి వరసలో ఒకటి తేడాగా పెడితే పిల్లలు దాన్ని చూడకుండానే, వినగానే పట్టుకుంటారు. పలక, గిలక, మొలక, మేక అని నెమ్మదిగా చెప్పి చూడండి. నాలుగూ ‘క’తోనే ముగుస్తాయి, అయినా మేక దగ్గర పిల్లల మొహాలు మారతాయి. చివరి అక్షరం లెక్క ప్రకారం ఇక్కడ తప్పే లేదు. పిల్లల చెవి మాత్రం తేడా ఉందని చెబుతుంది, ఒప్పు ఆ చెవిదే.

మాటను ముక్కలు చేయించే పనిలోనూ రాతకూ చెవికీ తేడా ఉందని టీచర్లకు ఇచ్చే కరదీపికల్లో ఒక్క ముక్క చెప్పడం అవసరం. ‘చెట్టు’ అనే మాటను మనం రాసేటప్పుడు ‘చె’, ‘ట్టు’ అని విడదీస్తాం. చప్పట్లు కొడుతూ పలకమంటే పిల్లలు ‘చెట్‌’, ‘టు’ అంటారు. ఇది తప్పు కాదు, నోరు నిజంగా అలాగే విడదీస్తుంది. అక్షరాలు ఇంకా రాని పిల్లల్ని రాత ప్రకారం విడదీయమని సరిదిద్దడం వల్ల ప్రయోజనం లేకపోగా, అప్పటిదాకా విన్నది విన్నట్లు చెబుతున్న పిల్లలు టీచరు మొహం చూసి జవాబు చెప్పడానికి అలవాటు పడతారు.

ఇక ఈ లేఖలో నేను ముఖ్యంగా ఎత్తిచూపదలచుకున్నది, మన ఇళ్లలో రోజూ నడుస్తున్న ఒక మాటతీరు. ‘చెట్టూ గిట్టూ ఎక్కకు’, ‘పామూ గీమూ ఉంటాయి, చూసుకుని నడువు’, ‘డబ్బూ గిబ్బూ ఏమైనా ఉందా’, ‘అన్నం గిన్నం తిన్నావా’ అని మనమంతా అంటాం. బడికి వచ్చే నాటికే తెలుగింటి పిల్లలు వీటిని వినడమే కాదు, సొంతంగా తయారుచేయగలుగుతారు. వారికి ఎన్నడూ వినని కొత్త మాట ఇచ్చి చూడండి, దానికి తగిన గి-మాట వెంటనే చెబుతారు. కంప్యూటర్ అంటే గింప్యూటర్ అంటారు, సెల్లు అంటే గిల్లు అంటారు. ఇందులో జరుగుతున్న పని ఏమిటో జాగ్రత్తగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పిల్లలు మాటలోని మొదటి అక్షరాన్ని మిగతా దాని నుంచి విడదీసి, తీసి పక్కన పెట్టి, ఆ స్థానంలో వేరొకటి నిలుపుతున్నారు. అదీ గుడ్డిగా కాదు. మొదటి అచ్చు పొట్టిదైతే ‘గి’ వస్తుంది, పొడవైతే ‘గీ’ వస్తుంది. చెట్టుకు గిట్టు, పాముకు గీము. ఇల్లుకు గిల్లు, ఊరుకు గీరు. ఎవరూ చెప్పకుండానే ఈ పొడవు పొట్టి లెక్క ఐదేళ్ల పిల్లలకు తెలుసు, పద్యంలో ప్రాసకు ముందు గురులఘువులు చూసుకున్న కవికీ అలాంటి చెవే ఉంది. రెండో అక్షరం నుంచి చివరిదాకా ముట్టుకోరు. అంటే మన పిల్లలకు ప్రాస కట్టడం బడికి రాకముందే వచ్చు. మనం చేయవలసిందల్లా, వారు తెలియకుండా చేస్తున్న పనిని తెలిసి చేసేలా వారి దృష్టిని అటు మళ్లించడం.

ఇందుకు పెద్ద సరంజామా అక్కర్లేదు. టీచరు ‘బండి’ అంటారు, పిల్లలు ‘గిండి’ అంటారు. కాసేపు ఇలా సాగాక టీచరు తిరగేసి ‘గిమ్మడికాయ’ అంటారు, అది ఏ కాయో పిల్లలు చెప్పాలి. ఆ తరువాత నియమం మారుస్తారు: ఈ రోజు ‘గి’ వద్దు, ‘మ’ పెట్టండి. బండికి మండి, కొండకు మండ, పిల్లికి మల్లి. అర్థమున్న మాట వచ్చినా సరే, రాకపోయినా సరే. ‘గిన్నె’ దగ్గర ఏం చేయాలో తెలియక పిల్లలు తడబడతారు, ఎందుకంటే అది ముందే ‘గి’తో ఉంది. ఆ తడబాటు దగ్గర ఆగి, ఎందుకు కుదరలేదో వారినే చెప్పమంటే, మాటలోని మొదటి శబ్దాన్ని గురించి వారు మాట్లాడే మొదటి సందర్భం అదే అవుతుంది. ఒక అభ్యాస పుస్తకంలో పదిపేజీల వర్క్‌షీట్లు ఇవ్వలేని అవగాహన అక్కడ దొరుకుతుంది. ఇంత సులభమైన సాధనం మన ఇంటి భాషలో ఉండగా దాన్ని పాఠ్యపుస్తకంలోకి రానివ్వకపోవడానికి కారణం, బహుశా అది మర్యాదైన మాట కాదన్న పాత అభిప్రాయం కావచ్చు. అలాగైతే ఆ అభిప్రాయాన్ని వదులుకోవలసిన సమయం వచ్చింది.

అర్థం లేని మాటలంటే మన పుస్తకాలకు ఉన్న భయం గురించి కూడా చెప్పాలి. ‘చెట్టుకు ప్రాస పదం చెప్పు’ అన్నప్పుడు పిల్లలు ‘లెట్టు’ అంటే అది సరైన జవాబే. నిఘంటువులో లేదని కొట్టేస్తే, వారు వినడం మానేసి తెలిసిన మాటల్లో వెతుక్కోవడం మొదలుపెడతారు. మాటకు అర్థం ఉందా లేదా అన్నది వేరే పాఠం, వేరే పూట చెప్పుకోవచ్చు.

నిజానికి ఈ వయసులో పిల్లలకు అతి కష్టమైన పని, మాట అర్థాన్ని పక్కన పెట్టి దాని శబ్దాన్ని మాత్రమే వినడం. ‘పప్పుతో ఏది కలుస్తుంది?’ అని అడిగితే ‘నెయ్యి’ అన్న జవాబు వస్తుంది. ‘కుక్కకు జత ఏది, నక్కా పిల్లా?’ అంటే పిల్లి అంటారు, ఎందుకంటే రెండూ ఇంట్లో ఉంటాయి. ఈ జవాబుల్లో బుద్ధి ఉంది, ఆలోచన ఉంది. తప్పంతా ప్రశ్నలో ఉంది. కలుస్తుంది, జత, సరిపోతుంది వంటి మాటలు పిల్లలకు అర్థాన్నే సూచిస్తాయి. కాబట్టి సూచనలను ‘ఏది అలాగే వినిపిస్తుంది’, ‘ఏది అలాగే పలుకుతుంది’ అని రాయాలి. ముందుగా టీచరు రెండు మూడు జతలు తానే పలికి చూపాలి, కుదరని జత కూడా ఒకటి చూపాలి. కుక్క, ముక్క కుదిరాయి. కుక్క, పిల్లి కుదరలేదు అని రెండూ వినిపిస్తే గాని మనం దేని గురించి అడుగుతున్నామో పిల్లలకు తెలియదు. బొమ్మల కార్డులు వాడేటప్పుడు ప్రతి బొమ్మ పేరునూ ముందు అందరిచేతా పైకి అనిపించాలి. గట్టు బొమ్మను ఒకరు కట్ట అనీ, ఇంకొకరు చెరువు అనీ అనుకుంటే ప్రాస ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా ఎందుకు, నేరుగా అక్షరాలే నేర్పవచ్చు గదా అని అడిగేవారు మన శాఖలోనే చాలామంది ఉన్నారు. వారి సందేహం న్యాయమైనదే. ఈ విషయంలో తరచుగా చెప్పుకునే పరిశోధన 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. ఇంగ్లండులో నాలుగైదేళ్ల వయసున్న నాలుగు వందల మందికి పైగా పిల్లలకు, వరసలో తేడాగా వినిపించే మాటను గుర్తించే పని ఇచ్చి, ఆ తరువాత కొన్నేళ్లపాటు వారి చదువును గమనించారు. మొదట్లో ఆ పని బాగా చేసినవారు తరువాత చదవడంలోనూ ముందున్నారు. ఆ పనిలో వెనుకబడిన 65 మందిని విడిగా తీసుకుని రెండేళ్లపాటు శిక్షణ ఇచ్చినప్పుడు, శబ్దాలను పోల్చడంతో పాటు ప్లాస్టిక్ అక్షరాలతో ఆ పోలికను చూపించిన గుంపు అందరికంటే ఎక్కువగా లాభపడింది. ఈ చివరి మాటను మన శిక్షణ తరగతుల్లో చెప్పకుండా వదిలేస్తుంటారు. చెవితో మొదలుపెట్టాలి, అక్షరంతో ముడివేయాలి అన్నది ఆ పరిశోధన చెప్పిన సంగతి, ఏళ్ల తరబడి గేయాలు పాడించి ఊరుకోమని కాదు. పైగా చదువుకు ప్రాస ఎక్కువ తోడ్పడుతుందా, విడి ధ్వనులను గుర్తించడం ఎక్కువ తోడ్పడుతుందా అన్న విషయంలో ఇంగ్లీషు పరిశోధకుల మధ్య వాదం ఆ తరువాత చాలా కాలం సాగింది. ప్రాస వస్తే చదువు దానంతటదే వచ్చేస్తుందని నేనూ అనడం లేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కన్నడం, అది మనలాంటి లిపి ఉన్న భాష. సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో కన్నడ పిల్లలు అక్షరాల సమూహాన్నంతా పట్టుకోవడానికి తొలి తరగతులు దాటి ఏళ్లు పడుతుందనీ, పలుకులను విడదీసే శక్తి ముందుగా వచ్చి, హల్లు అచ్చులను విడివిడిగా గుర్తించే శక్తి నెమ్మదిగా వస్తుందనీ తేలింది. మన తరగతుల్లో కనిపించేదీ ఇదే. ‘కి’ అంటే ‘క్’, ‘ఇ’ కలిసినవని ఒకటో తరగతి పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కదు గాని, ‘పిల్లి’లో ‘పి’ తీసి ‘బ’ పెట్టమంటే సునాయాసంగా ‘బల్లి’ అంటారు. కాబట్టి మన ప్రాస కృత్యం అక్షరం స్థాయిలో మొదలై, అక్కడి నుంచి గుణింతంలోకి దారి తీయాలి. ఆ దారి కూడా మన గోడ మీదే ఉంది. గుణింతాల పట్టికను మనం ఎప్పుడూ అడ్డంగా చదివిస్తాం: క, కా, కి, కీ. దాన్నే నిలువుగా చదివిస్తే కా, గా, చా, జా అని ఒక్కొక్క వరసా ఒకే అచ్చుతో మోగుతుంది. అడ్డంగా చదివితే హల్లు నిలిచి అచ్చు మారుతుంది, నిలువుగా చదివితే అచ్చు నిలిచి హల్లు మారుతుంది. దీర్ఘం గుర్తు అన్ని అక్షరాల మీదా ఒకే పని చేస్తుందని పిల్లలకు తోచేది నిలువు చదువులోనే. దీనికి కొత్త పుస్తకం అచ్చువేయాల్సిన పని లేదు, కరదీపికలో రెండు వాక్యాలు చేరిస్తే చాలు.

ఆటపాటల విషయం కొంచెం చెప్పి ముందుకు వెళతాను. కాళ్లు చాపుకుని కూర్చుని లెక్కించే కాళ్లాగజ్జా ఆటలో ‘మొగ్గ కాదు మోదుగ నీడ, నీడ కాదు నిమ్మల బావి, బావి కాదు బచ్చలి కూర’ అని గొలుసుకట్టుగా సాగుతుంది. ఇక్కడ కలుస్తున్నది మాటల మొదళ్లు: మొగ్గకు మోదుగ, నీడకు నిమ్మ, బావికి బచ్చలి. ఆ తరువాత ‘కూర కాదు గుమ్మడి పండు’ అని వచ్చే చోట క, గ మైత్రి కూడా కుదిరింది, యతి నియమాలు చదివినవారు ఇది చూసి నవ్వుకుంటారు. దీన్ని అభినయ గేయంగా పాడించి వదిలేయకుండా, పిల్లల్ని తమ గొలుసు తాము కట్టమనాలి. పలక కాదు పాలకోవా, కోవా కాదు కొబ్బరి చిప్ప, చిప్ప కాదు చింత చెట్టు. తరగతి అంతా ఒకరి తరువాత ఒకరు అందుకుంటూ పోతే పీరియడు అయిపోయినా ఆపబుద్ధి కాదు. ప్రాస వేరు, మొదలు కలపడం వేరు అన్న తేడాను మాత్రం కరదీపిక రాసేవారు గుర్తుంచుకోవాలి. ఈ రెండూ ఒకే పేజీలో కలిపేస్తే పిల్లలకు దేనిని వినాలో తెలియదు.

మాటల ఎంపికలో ఊరి మాటకు చోటుండాలి. పుస్తకంలో చిలుక అని ఉంటే అది మొలకతో సరిగా కుదరదు, చాలా ఇళ్లలో అనే చిలక కుదురుతుంది. తెలంగాణ పిల్లలకు పిల్లి, బల్లి సరసన పల్లి కూడా వచ్చి కూర్చుంటుంది. కాయ, మాయ అన్న వరసలో చాయ చేరుతుంది. కర్నూలు వైపు పిల్లలు వేరుశనగకాయను బుడ్డ అంటారు కాబట్టి వారికి గడ్డ, బిడ్డ సిద్ధంగా ఉంటాయి. రాష్ట్రమంతటికీ ఒకే పట్టిక ఇచ్చేటప్పుడు దాని పక్కన నాలుగు ఖాళీ గీతలు వదిలి, ‘మీ ఊరి మాటలు ఇక్కడ రాసుకోండి’ అని టీచరుకు చెబితే సరిపోతుంది. గోండి, కోయ, సవర, లంబాడీ ఇళ్ల నుంచి వచ్చే పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వారు తెలుగు మాటల ప్రాసలో వెనుకబడితే అది చెవి లోపం కాదు, ఆ మాటలే వారికి కొత్త. వారి ఇంటి పాటలో, ఇంటి మాటల్లో ముందుగా పోలిక పట్టించి ఆ తరువాత తెలుగుకు రావడం న్యాయం. టీచరుకు ఆ భాష రాకపోయినా పిల్లలకు వచ్చు, పక్కనే ఉన్న అంగన్‌వాడీ ఆయాకు చాలా చోట్ల వచ్చు.

ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక అదే పిల్లలు అదే రోజు ఇంగ్లీషు పీరియడులో క్యాట్, బ్యాట్ అని వింటున్నారు. రెండు భాషల్లో ప్రాస రెండు తీర్లుగా ఉంటుందని పిల్లలకు చెప్పవలసిన పని లేదు, పిల్లలు ఏ భాష ఎలా మోగితే అలా వింటారు. టీచర్లకు మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఒక భాషలో నేర్చుకున్న సూచనను రెండో భాషలో తిరిగి వాడే అలవాటు మన పెద్దలకే ఎక్కువ.

మరొక ప్రయోజనాన్ని మీ దృష్టికి తెస్తున్నాను. కొన్ని వారాలపాటు రోజూ ఆడించినా కుక్క, ముక్క ఒకేలా వినిపిస్తున్నాయో లేదో చెప్పలేని పిల్ల ఉంటే, ఆ పిల్లకు సరిగా వినిపించడం లేదేమో అని అనుమానించాలి. జలుబు ముదిరి చెవిలో చీము కారే పిల్లలు మన బడుల్లో తక్కువేమీ కాదు, వినికిడి కొంత తగ్గినా ఇంట్లో ‘మొండి’ అనుకుంటారు గాని చెవి అనుకోరు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి బడి పిల్లలను పరీక్షిస్తోంది, అందులో వినికిడి కూడా ఒక అంశం. ఆ వైద్య బృందం వచ్చిన రోజున ఈ పిల్లను ముందుగా చూపించమని టీచరుకు ఒక సూచన ఇస్తే చాలా మేలు జరుగుతుంది. వినికిడి బాగానే ఉండి, అయినా శబ్దాల పోలిక పట్టుబడని పిల్లలకు చదవడంలో ప్రత్యేక ఇబ్బంది ఎదురయ్యే అవకాశం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది గనుక, వారిని ముందుగా కనిపెట్టడం మన బాధ్యత కూడా. ఒక్క ఆటను బట్టి పిల్లల మీద ముద్ర వేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మిమ్మల్ని కోరుతున్నవి చెబుతాను. అంగన్‌వాడీలోనూ, ఒకటో తరగతి మొదట్లో మూడు నెలలు నడిచే విద్యాప్రవేశ్ కాలంలోనూ ప్రాస పూర్తిగా నోటి మీదే ఉండాలి, కాగితం రాకూడదు. ఆ తరువాత అభ్యాస పుస్తకంలో పెట్టే ప్రతి ప్రాస వరసలోనూ రెండో అక్షరం నుంచి చివరి దాకా కలిసే మాటలే ఉండాలి. బహువచనాలు, క్రియలు, విభక్తులు చేరిన మాటలు అందులో ఉండరాదు. పుస్తకం అచ్చుకు వెళ్లేముందు ఆ వరసలను ఎవరైనా ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కళ్లు మూసుకుని వినాలి. ఈ చిన్న పని చేసి ఉంటే ‘పువ్వులు, పక్షులు, పిల్లలు’ అచ్చయ్యేవి కావు. కరదీపికలో గి-మాటల ఆటకు, నిలువు గుణింతానికి చెరొక పేజీ ఇవ్వండి.

మూల్యాంకనం విషయంలో నా మనవి గట్టిది. బేస్‌లైన్ పరీక్షల్లో (ఏడాది మొదట్లో పిల్లల స్థాయి చూసేవి) ప్రాసకు మార్కులు గాని, యాప్‌లో నింపే గడి గాని పెట్టవద్దు. గడి పెట్టిన మరుసటి రోజే పిల్లలచేత అట్టు, చెట్టు, గట్టు అని ఎక్కం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించే పరిస్థితి వస్తుంది. బట్టీ పట్టిన ప్రాసతో చెవికి ఏ పనీ ఉండదు. టీచరు తన నోటుపుస్తకంలో, ఎవరు ఇంకా అర్థాన్ని బట్టి జవాబు చెబుతున్నారు, ఎవరు శబ్దాన్ని బట్టి చెబుతున్నారు అని పేర్ల పక్కన రాసుకుంటే అంతకన్నా కావలసింది లేదు.

పుస్తకాలు మారడానికి సమయం పడుతుందని తెలుసు. జూన్‌లో బడులు తెరిచేలోపు, ఇప్పుడున్న వర్క్‌షీట్లలో ‘లు’ చూసి సున్న చుట్టించే పేజీలను వదిలేసి వాటి బదులు ఈ ఆటలు ఆడించవచ్చని మండలాలకు ఒక్క ఉత్తర్వు పంపినా, ఈ ఏడాది చేరబోయే పిల్లలకు అది అందుతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్సు సమావేశాల్లో ఈ వరసలను తయారుచేసే పని మాకు అప్పగిస్తే, ఏ ఊరి మాటలు ఆ ఊరి టీచర్లు ఏరి పంపుతారు. మీరు వాటిని కూర్చి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు